నుదుటి అంచు, ముప్పై ఎనిమిది జటలు: నా ప్రాజెక్టు డైరీ

2023 సెప్టెంబరు 10, ఆదివారం

ఈ రోజు నుంచి అన్నీ రాసి పెట్టుకుంటున్నాను. నా తల మీద రెండు పనులు ఒకేసారి నడవబోతున్నాయి. ఒకటి నేను కోరుకున్నది, డ్రెడ్‌లాక్స్ (తాళ్లలా చిక్కుకట్టిన జటలు) పెంచడం. రెండోది నన్ను అడక్కుండానే మొదలైంది, నుదుటి మీద జుట్టు అంచు వెనక్కి పోవడం. వయసు ముప్పై ఒకటి. ఏడాదికి పైగా కత్తెర తగలలేదు, జుట్టు పదిహేను సెంటీమీటర్లు ఉంది. జటలు కట్టడానికి ఈ పొడవు చాలు. కానీ మూడు నెలలుగా అద్దంలో కణతల దగ్గరే చూపు ఆగిపోతోంది.

నాన్నకు నలభై దాటేసరికి నడినెత్తి ఖాళీ అయింది. మేనమామకూ అంతే. ఇంట్లో అందరూ మేనమామ పోలిక అని తేల్చేశారు. అందులో కొంత నిజముంది. మగ హార్మోన్‌కు వెంట్రుక కుదురు ఎలా స్పందించాలో చెప్పే జన్యువు ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది అబ్బాయికి అమ్మ నుంచే వస్తుంది. కానీ బట్టతలకు కారణమయ్యే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి రెండు వైపుల నుంచీ వస్తాయి. నాకు రెండు వైపులా అదే వారసత్వం.

టైలర్ టేపుతో కొలిచాను. కనుబొమల మధ్య నుంచి జుట్టు అంచు దాకా 68 మిల్లీమీటర్లు. ఎడమ కనుబొమ చివర నుంచి నిలువుగా పైకి 74, కుడి వైపు 75. పొద్దున ఏడు గంటలకు, తూర్పు కిటికీ పక్కన, అదే స్టూలు మీద కూర్చుని మూడు ఫొటోలు. ఇక మీదట కూడా ఇలాగే తీయాలి. వెలుతురు మారితే నుదురు కూడా మారినట్టే కనిపిస్తుంది.

సెప్టెంబరు 18

చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ లైటు ఉన్న చిన్న భూతద్దం లాంటి పరికరాన్ని కణతకు ఆనించి, స్క్రీన్ మీద నాకు చూపించారు. ఒకే చోట ఒక వెంట్రుక లావుగా, పక్కది సగం లావు, ఇంకొకటి నూలుపోగులా ఉంది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు గుర్తు ఇదేనట. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల కుదుళ్లు ఒక్కో విడతకు కొంచెం కొంచెంగా కుంచించుకుపోతాయి. లావు వెంట్రుక రాలి, దాని స్థానంలో సన్నది వస్తుంది. మగవాళ్ల బట్టతల దశలను హామిల్టన్ 1951లో వర్గీకరించి, నార్వుడ్ 1975లో సరిచేసిన కొలమానంలో నాది మూడో దశ.

డ్రెడ్స్ వేయించుకోవాలని ఉందని చెప్పాను. వద్దంటారేమో అని టెన్షన్ పడ్డాను. ఆవిడ వద్దనలేదు. "వేసుకోండి, కానీ లాగకండి. మీకు ఇప్పటికే ఒక కారణం ఉంది, రెండోది మీరే తెచ్చుకోకండి" అన్నారు. రెండోది అంటే, గట్టిగా అల్లడం, ముడి వేయడం, బరువు వేలాడదీయడం వల్ల కుదుళ్లు దెబ్బతినడం. మొదట్లో వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి లాగితే అక్కడ మచ్చ పడిపోయి ఇక రాదు.

మినాక్సిడిల్ 5 శాతం రాశారు, పూటకు ఒక మిల్లీలీటరు, రెండు పూటలా. ఇది మొదట రక్తపోటు మాత్రగా వచ్చిన మందు. అది వాడినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో మగవాళ్లకు అనుమతి వచ్చింది. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్ర గురించి కూడా వివరంగా చెప్పారు, కొద్దిమందికి లైంగిక కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండడం లాంటివి రావచ్చన్నారు. దాని గురించి ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయం తీసుకున్నాను. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో పాత వెంట్రుకలు గుంపుగా రాలతాయి. ఆ రాలుడు అయిపోయాకే జటలు కట్టాలి. ముందే కడితే ఏది మందు వల్ల పోయిందో, ఏది లాగడం వల్ల పోయిందో నాకు ఎప్పటికీ తెలియదు. నాలుగు నెలలు ఆగుతాను.

అక్టోబరు 22

అన్నట్టే రాలుతోంది. దువ్వెన నిండా జుట్టు. చెప్పి ఉండకపోతే మందు మానేసేవాణ్నే.

ఒక సంగతి గట్టిగా రాసుకోవాలి. మా మేడ మీదికి రోజూ ఒక పిల్లి వస్తుంది, నా ఒళ్లో పడుకుని తల నాకుతుంది. మినాక్సిడిల్ పిల్లులకు విషం. కొంచెం ఒంట్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. మందు రాసుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవడం, ఆరాక కూడా తల నాకనివ్వకపోవడం, దిండు దానికి అందకుండా పెట్టడం. ఈ మూడూ తప్పకూడదు.

2024 జనవరి 21, ఆదివారం

సంక్రాంతి అయింది. డిసెంబరుకే రాలుడు తగ్గింది. ఈ రోజే మొదటి రోజు.

నా జుట్టు తిన్నగా ఉంటుంది, దానంతట అది చిక్కుపడదు. ఆఫ్రికా మూలాల వాళ్ల ఉంగరాల జుట్టులా మెలిపెట్టి వదిలేస్తే కట్టదు. వెనక్కి దువ్వి చిక్కు చేసి, ఆ చిక్కును క్రోషే సూదితో లోపలికి లాగి గట్టి చేయాలి. ఆ సూది పనికి మా వదిన దొరకడం నా అదృష్టం. ఆవిడ టీపాయి గుడ్డలు, గుమ్మం తోరణాలు క్రోషేతో అల్లుతుంది. విశాఖ పూర్ణా మార్కెట్లో దారాల షాపులో 0.75 మిల్లీమీటర్ల సూది తీసుకున్నాం, లేసు అల్లకానికి వాడేది. లావు సూది అయితే వెంట్రుకలు తెగుతాయి.

జటకో గడి చొప్పున జుట్టును గళ్లుగా విడదీయడానికే రెండు గంటలు పట్టింది. ఇటుకలు పేర్చినట్టు, ఒక వరస పాపిట కింది వరస పాపిటకు ఎదురు రాకుండా. అలా చేస్తే జటల మధ్య మాడు తెల్లగా గీతలు కట్టదు. వెనక, పక్కల రెండున్నర సెంటీమీటర్ల గళ్లు. ముందు మాత్రం లెక్క మార్చాం. ముందు వరసలో జుట్టు పలచన కాబట్టి గడి పెద్దదిగా, మూడున్నర దాకా తీసుకున్నాం. చిన్న గడి తీసుకుంటే పలచని కుదుళ్లు కొన్నే కలిసి జట బరువంతా మోయాలి.

ఇంకొకటి. జుట్టు అంచు వెంబడి ఒక సెంటీమీటరు వెడల్పున ఉన్న నూగును అసలు ముట్టుకోలేదు. అది ఏ జటలోనూ చేరదు, అలాగే వదిలేస్తాం. వదినకు ఇది నచ్చలేదు. "ముందు పిచ్చి పిచ్చిగా ఎగురుతుంది, లోపలికి లాగేస్తా" అంది. నేను బతిమాలాను. ఆ నూగే నాకు థర్మామీటరు.

జనవరి 28

రెండో ఆదివారం పూర్తయింది. మొత్తం పదకొండు గంటల పని, ముప్పై ఎనిమిది జటలు. వదిన వేళ్లకు గాట్లు పడ్డాయి. అన్నయ్య చూసి ఏమీ అనలేదు, ఫోన్లో ఒక ఫొటో తీసుకున్నాడు. అమ్మ మాత్రం "ఏట్రా ఇది, మొక్కేమైనా ఉందా?" అని అడిగింది. ఉంటే తిరపతి వెళ్లి తీయించుకోవచ్చు కదా అని ఆవిడ ఆశ.

జనవరి 31

మూడు రోజులుగా తలనొప్పి. ఎడమ కణత పైన జటల మొదట్లో గోరంటితే మంట. ఫోన్ కెమెరాతో చూస్తే ఆవగింజంత పొక్కులు నాలుగు. కొత్త జటలకు ఇలాగే ఉంటుంది, వారంలో సర్దుకుంటుంది అని చెప్పేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. నొప్పి, పొక్కులు అంటే కుదురు లాగబడుతోందని అర్థం.

రాత్రి వదిన కూర్చుని ముందు వరసలో ఆరు జటలను మొదట్లో విప్పింది. సూది మొన వెనక్కి తిప్పి, మాడు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉన్న చిక్కును ఒక్కో పోగుగా వదులు చేసింది. ఇక మీదట ఆ రెండున్నర సెంటీమీటర్లలో సూది పెట్టకూడదు. (తర్వాత చేర్చిన మాట:) పొద్దున్నకల్లా తలనొప్పి పోయింది. పొక్కులకు అయిదు రోజులు పట్టింది.

ఫిబ్రవరి 11

మొదటి తలస్నానం. నెలల పాటు కడగకూడదు అనే మాట పచ్చి అబద్ధం. జిడ్డు ఉంటే వెంట్రుకలు జారిపోతాయి, శుభ్రంగా ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైగా రెండు పూటలా మందు రాసే మాడు ఇది. ఆరిన మందు తెల్లటి పొడిలా జటల మొదట్లో పేరుకుంటోంది.

కుంకుడుకాయలు వాడాను. గింజ తీసిన తొక్కలు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, నాన్న పాత పంచె ముక్కతో రెండుసార్లు వడకట్టాను. ఒక్కసారి వడకడితే చాలదు, తొక్క నలుసు ఒకటి జట లోపలికి పోయిందంటే మళ్లీ రాదు. సీకాయ పొడి మాత్రం జన్మలో వద్దు. నురగ నేరుగా మాడు మీదే, వేలి కొసలతో. జటలను రుద్దనే లేదు, కిందికి కారే నురగే వాటికి చాలు.

ఆరడానికి అయిదు గంటలు. విశాఖ గాలిలో తడి సంగతి తెలిసిందే. టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని రెండు మిక్సర్లకు కేబుళ్లు అతికించాను. నాది సౌండ్ సిస్టమ్ పని, సభలకు, పెళ్లిళ్లకు పెడతాం.

మార్చి 17

దువ్వెన లేదు కాబట్టి రాలిన జుట్టు లెక్క కూడా లేదు. ఈ విషయం నాకు ఆలస్యంగా తట్టింది. ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. అవన్నీ ఇప్పుడు నా జటల్లోనే చిక్కుకుని ఉంటున్నాయి. నెలకు పదిహేను వందల నుంచి మూడు వేల దాకా. జట లావుగా కనిపిస్తుంటే జుట్టు బాగుందనుకుంటాం. అందులో మాడుకు అంటుకుని ఉన్నవి ఎన్నో జటను చూసి చెప్పలేం, కుదురు దగ్గర చూడాలి. అందుకని ఈ నెల నుంచి ముందు వరస జటల మొదళ్లను విడిగా ఫొటో తీస్తున్నాను. మొదలు పెన్సిలంత ఉంటే బాగున్నట్టు, అగరుబత్తి అంత అయితే ప్రమాదం.

వదిన వాళ్ల పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు. సూది పని చేస్తూ ఈ రోజు ఒక మాట చెప్పింది. వాళ్ల వైపు ఆడపిల్లకు జుట్టు దానంతట అది జడలు కడితే ఎల్లమ్మ వచ్చిందనేవాళ్లు, దేవతకు అంకితం చేసి జోగినిగా విడిచేసేవాళ్లు. వాళ్ల వీధిలో ఒకావిడ ఉండేదట. ఆ జడ కడగకూడదు, కోయకూడదు. మోకాళ్ల దాకా పెరిగిన జడను కొప్పులా తల మీద చుట్టుకుని తిరిగేది. "ముందంతా ఇంత దూరం ఖాళీ అయిపోయింది, మెడ తిప్పలేకపోయేది" అని తన నుదుటి మీద నాలుగు వేళ్లు పెట్టి చూపించింది. జోగిని, దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ మన దగ్గర 1988లోనే చట్టం వచ్చింది. ఆ వీధికి చట్టం ఎప్పుడు చేరిందో వదినకు గుర్తు లేదు.

నేను ఇష్టపడి కట్టుకున్నాను, ఇష్టం పోతే విప్పుకుంటాను. ఆవిడకు ఆ రెండూ లేవు. ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. మా వదిన ఆ జడను చూసి పెరిగి కూడా నా జుట్టు మీద పదకొండు గంటలు ఎలా కూర్చోగలిగిందో అడగలేకపోయాను.

మే 19

రెండు నెలలు రాయలేదు. ఎన్నికలు. 13న పోలింగ్, అంతకు ముందు నలభై రోజులు ప్రచార సభలు, రోడ్ షోలు. మూఢం వల్ల పెళ్లిళ్లు లేకపోయినా ఒక్క రోజు ఖాళీ దొరకలేదు. ఎండలో లారీ మీద స్పీకర్ల మధ్య నిలబడితే మెడ మీద జటలు నిప్పుల్లా ఉండేవి. అందుకని రోజూ పైకి లాగి నెత్తి మీద ముడి వేశాను, గట్టి రబ్బరు బ్యాండుతో. కుడి చేతి వాటం కాబట్టి జటలన్నీ ఎడమ నుంచి కుడికి లాగి చుట్టేవాణ్ని. ముడి పొద్దున వేస్తే రాత్రికి విప్పడం. చేయకూడదని తెలుసు. మందు కూడా చాలా రోజులు ఒక్క పూటే రాశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జులై 21, ఆదివారం: ఆరు నెలలు

కొలతలు. మధ్యలో 68, మార్పు లేదు. కుడి 76. ఎడమ 79.

మూడుసార్లు కొలిచాను. ఎడమ వైపు మొదటి కొలత నుంచి పది నెలల్లో అయిదు మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. ఫొటోలు పక్కపక్కన పెడితే కొలత అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. ఎడమ ముందు వరసలో మొదటి జట మొదలు అగరుబత్తి అయిపోయింది. సాయంత్రం దాకా ఎవరితో మాట్లాడబుద్ధి కాలేదు.

తర్వాత కూర్చుని ఆలోచించాను. వంశపారంపర్యం అయితే రెండు వైపులా దాదాపు సమానంగా పోవాలి. ఒక వైపు ఒకటి, ఇంకో వైపు అయిదు ఎందుకు? నేను పడుకునేది ఎడమ వైపు తిరిగి. ముడి లాగింది ఎడమ నుంచి. మొదట్లో పొక్కులు వచ్చిందీ ఎడమ వైపే. హెల్మెట్ కూడా ఇప్పుడు బిగుతైంది, వెనక జటలు దాన్ని ముందుకు నెట్టి అంచు నుదుటి మీద రాపిడి పెడుతోంది.

ఈ రోజు చేసినవి: రబ్బరు బ్యాండ్లన్నీ చెత్తబుట్టలోకి. వేడిగా ఉంటే మెడ దగ్గర, పాత పంచె అంచుతో వదులుగా ఒక కట్టు, అంతే. ఒక సైజు పెద్ద హెల్మెట్. అమ్మ తన పాత పట్టుచీర ఒకటి ఇచ్చింది. సగం దిండు గలీబు, సగం హెల్మెట్ లోపల కట్టుకునే గుడ్డ. పట్టు మీద వెంట్రుక జారుతుంది, నూలు పట్టుకుని లాగుతుంది. నూలు గలీబు నలకలు జటల్లో ఇరుక్కునే బెడద కూడా తీరింది. ఆ చీర అమ్మ సీమంతం నాటిది, కోయనిస్తుందని అనుకోలేదు. పక్కన నిలబడి కోయించింది.

జులై 28

ఎడమ వైపు సన్నబడిన జటను ఏం చేయాలి? కోసేస్తే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. అలాగే వదిలేస్తే తెగి ఊడిపోతుంది. వదిన ఒక దారి చెప్పింది. దాన్ని వెనక ఉన్న గట్టి జటతో కలిపేయడం. మాడు నుంచి నాలుగు సెంటీమీటర్ల దూరంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి సూదితో ఒకదాని పోగులు ఇంకోదానిలోకి లాగింది. ఇందులో కిటుకంతా సన్న జట మొదలును ఒక వేలు దూరేంత వదులుగా ఉంచడంలోనే ఉంది. అలా చేస్తే కిందికి వేలాడే బరువంతా గట్టి జట మొదలే మోస్తుంది. రెండూ సమానంగా బిగిస్తే కలిపి ప్రయోజనం లేదు.

కుడి వైపు అలాంటిదే ఇంకొక జత కలిపాం. ఇప్పుడు ముప్పై ఆరు.

రెండు వారాలకోసారి మొదళ్లు మెలిపెట్టి బిగించే అలవాటు కూడా మానేశాను. ఇక మీదట పది వారాలకోసారి, అదీ వెనక భాగానికే. ముందు వరస మొదళ్లు గజిబిజిగా, పెద్దగా కనిపిస్తాయి, కనిపించనీ.

అక్టోబరు 6

వర్షాలు. ఒక జట లోపల తడి వాసన వచ్చింది, మూలన పడేసిన తడి గుడ్డ వాసన. తడి జటలతోనే హెల్మెట్ పెట్టుకుని వెళ్లడం వల్ల. లోపల బూజు పడితే ఆ జట కోసేయడం తప్ప దారి లేదు. నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి జటలు మాత్రం ముంచి, బాగా కడిగి, రోజంతా ఎండలో ఉన్నాను. వాసన పోయింది. ఇక రాత్రిపూట తలస్నానం లేదు.

అమ్మ కొబ్బరినూనె గొడవ కూడా ఈ నెలే తేలింది. నూనె జట లోపలికి పోతే బయటికి రాదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. అమ్మకు ఇది ఎంత చెప్పినా మనసొప్పదు, నా తలకు నూనె పెట్టడం ఆవిడకు ముప్పై ఏళ్ల పని. చివరికి ఇలా కుదిరింది. ఆదివారం పొద్దున, మందు రాసే ముందు, నూనె లేకుండా ఉత్త వేళ్లతో మాడు మర్దన చేస్తుంది. నాకూ అది కావాలి.

నవంబరు 25

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. జులై ఫొటోలు, కొలతలు చూపించాను. ఈసారి భూతద్దంతో రెండు వైపులూ వేరువేరుగా చూశారు. ఎడమ వైపు కొన్ని వెంట్రుకల మొదట్లో తెల్లటి చిన్న గొట్టాల్లాంటివి ఉన్నాయి, వేలితో నెడితే వెంట్రుక వెంబడి జరుగుతాయి. లాగుడు ఇంకా ఉందనడానికి అవి గుర్తట. మధ్యలో విరిగిన పొట్టి వెంట్రుకలు. అంచు వెంబడి మేం వదిలేసిన నూగు మాత్రం అలాగే ఉంది, దాని వెనక భాగం పలచన. నూగు మిగిలి దాని వెనక పోవడం లాగుడు వల్ల పోయిన జుట్టుకు గుర్తట. కుడి వైపు ఇవేవీ లేవు. అక్కడ పోయిన ఏడాది చూసిందే, లావు సన్నం కలగాపులగం.

అంటే ఎడమ వైపు నేను చేసింది, కుడి వైపు వారసత్వం. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు, ఎడమ వైపు అంత ముదరలేదు, కుదుళ్లు బతికే ఉన్నాయి అని. ఆ మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కొత్త కొలత: ఎడమ 77, కుడి 77. ఎడమ అంచు వెనక కొత్త వెంట్రుకలు, ఒకటిన్నర సెంటీమీటర్లు.

ఫినాస్టెరైడ్ మాట మళ్లీ వచ్చింది. కుడి వైపు ఈ వేగంతోనే పోతుంటే వచ్చే ఏడాది మొదలుపెడదామని, ఈలోగా మినాక్సిడిల్ ఒక్క పూట కూడా తప్పొద్దని చెప్పారు. మందు మానేస్తే దానివల్ల వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. సొల్యూషన్ వల్ల మాడు దురద పెడుతోందంటే నురగ రూపంలో ఉన్నది రాశారు. దురదకు కారణమైన ప్రొపైలీన్ గ్లైకాల్ దానిలో ఉండదు. ధర ఎక్కువ, కానీ తెల్లపొడి బెడద దాదాపు ఉండదట. వేలి వేడికి నురగ కరిగిపోతుంది కాబట్టి వేళ్లు ముందు చల్లటి నీళ్లలో కడుక్కుని, పాపిటల వెంబడి వేలి కొసతో అద్దాలి.

2025 ఫిబ్రవరి 9

కుడి ముందు రెండు జటలు. వీటి గురించి మూడు వారాలు తర్జనభర్జన పడ్డాను. అక్కడ లాగుడు లేదు, కానీ కుదుళ్లు సన్నబడుతున్నాయి. ఇప్పుడు ఏ బరువైనా వాటికి ఎక్కువే. కోసేయాలా, ఉంచాలా?

పూర్తిగా కోయలేదు. వదినతో ఎనిమిది సెంటీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరింపించాను. కోసిన ముక్కను నగల పని చేసే స్నేహితుడి కాటాలో తూచాను. పొడిగా రెండు గ్రాములు, నీళ్లలో ముంచి పిండి తూస్తే అయిదు. మూడు గ్రాముల తేడా. నాలుగైదు గంటలు ఆరని జట అంటే ఒక్కో పలచని మొదలు అన్ని గంటలూ రెట్టింపు పైగా బరువు మోస్తోందన్నమాట. ఈ తూకం మొదటి నెలలోనే చేసి ఉండాల్సింది. ఇప్పుడు తలస్నానం కాగానే ముందు వరస జటలను వెనక జటల మీద పరిచి, తువ్వాలు కప్పి ఆరనిస్తున్నాను, వేలాడనివ్వడం లేదు.

కోసిన చోటు పొట్టిగా నిలబడి కనిపిస్తోంది. మా కుర్రాళ్లు ఒకరిద్దరు అడిగారు. నుదురు పలచబడుతోంది, బరువు తగ్గించాను అని చెప్పాను. అందులో ఒక కుర్రాడు టోపీ తీసి తన కణతలు చూపించి, "అన్నా, ఇది కూడా అదేనా?" అని అడిగాడు. వాడికి ఇరవై మూడు. డాక్టరు దగ్గరికి పంపించాను.

మార్చి 23, ఆదివారం: పద్నాలుగు నెలలు

మధ్యలో 69. కుడి 78. ఎడమ 75.

కుడి వైపు ఏడాదిన్నరలో మూడు మిల్లీమీటర్లు. అది ఆగలేదు, వచ్చే నెల డాక్టరుతో మాత్ర గురించి మాట్లాడాలి. ఎడమ వైపు మొదటి రోజు కొలతకు ఒక్క మిల్లీమీటరు తేడాలో ఉంది. ముప్పై ఆరు జటల్లో ముప్పై నాలుగు గట్టిపడ్డాయి, వేళ్ల మధ్య నొక్కితే లోపల గుల్ల లేదు. కలిపిన రెండు జతల్లో ఎడమది అతుకు కనిపించకుండా కలిసిపోయింది. కుడిది ఇంకా రెండు పాయలుగానే ఉంది.

ఈ రోజు పది వారాల సూది పని. వదిన వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు వచ్చింది. ఎడమ కణత దగ్గర కొత్త వెంట్రుకలు నాలుగు సెంటీమీటర్లు అయ్యాయి, గాలికి లేస్తున్నాయి. సూది మొన వాటి దాకా తీసుకొచ్చి ఆగింది.

"వీటినేం చేయమంటావ్?"

"ఇంకా పెరగనీ వదినా. ఆరు వచ్చాక చూద్దాం."

సూది పక్కన పెట్టి, ఆ వెంట్రుకలను వేలితో చెవి వెనక్కి దువ్వింది.